వేలంలో కొన్న పుస్తె

మాది ప్రొద్దుటూరు. బంగారం అంగళ్ల వీధికి రెండు సందుల అవతల పుట్టాను. మా నాన్న ఒక అంగట్లో గుమాస్తా. సాయంత్రం ఇంటికొచ్చి చొక్కా విప్పితే దాన్ని బయట దులపనిచ్చేవాడు కాదు, మడతల్లో బంగారు రజను చిక్కుకుని ఉంటుందేమోనని. ఎప్పుడూ చిక్కలేదు గానీ, ఆశ మాత్రం రోజూ చిక్కేది. అలాంటి ఊళ్లో పుట్టి, అలాంటి ఇంట్లో పెరిగి, బంగారం గురించి ఏమీ తెలియకుండా ఉండటం చాలా కష్టం. ఆ కష్టమైన పని నేను అవలీలగా చేశాను.

ఉద్యోగం రాయదుర్గం మెట్రో దిగితే పది నిమిషాల నడక. పదకొండో అంతస్తులో ఇరవై ఏళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. అంటే ఇతరుల తప్పులు పట్టుకుని జీతం తీసుకుంటాను. అదే పని ఇంట్లో ఉచితంగా చేస్తానంటే మా ఆవిడ ఒప్పుకోదు. ఉండేది పుప్పాలగూడలో, పాత ఊరికి ఆనుకుని లేచిన అపార్ట్‌మెంట్లలో. నాకున్న ఒకే ఒక్క వ్యసనం పాత నాణేలు. ఫోన్లో ఒక వేలం యాప్ పెట్టుకుని, చెల్లని పైసల్ని చెల్లే రూపాయలతో కొంటూ ఉంటాను. ఒక చిన్న చెక్కపెట్టె నిండింది. "చిల్లర మనిషి" అని మా ఆవిడ దానికి పెట్టిన పేరు. పెట్టెకా, నాకా అన్నది నేనెప్పుడూ తేల్చుకోలేదు.

మా ఇంట్లో వంట చేసే ఆమె పాలమూరు వైపు మనిషి. ఐదేళ్లుగా వస్తోంది. మా ఆవిడను అక్క అంటుంది, నన్ను అన్న అంటుంది. ఈ లెక్కన మేమిద్దరం ఒకరికొకరం ఏమవుతామో హైదరాబాదులో ఎవరూ ఆలోచించరు కాబట్టి సంసారం సాగిపోతోంది. ఆమె మెడలో పసుపుతాడు. వంగి పిండి కలిపేటప్పుడు అది జాకెట్టు బయటికి వచ్చేది. దానికి ఒక పక్క బంగారు పుస్తె ఉండేది, రెండో పక్క ఉండాల్సిన చోట పసుపుకొమ్ము ముక్క కట్టి ఉండేది.

ఆ సంగతి మా ఆవిడే ఒకరోజు అడిగింది. రెండేళ్ల కిందట భర్త పరంజా మీద నుంచి పడ్డాడట. కాలికి రాడ్లు వేశారు. దవాఖాన ఖర్చుకి ఒక పుస్తె అమ్మేసింది. పుస్తెలు రెండుంటాయి కదా, ఒకటి అత్తగారు చేయించేది, ఒకటి తల్లిగారు చేయించేది. ఆమె అమ్మింది తల్లిగారిది.

"అదేంది, పుట్టింటిదే అమ్మినావు?" అంది మా ఆవిడ.

"మా అత్త దవాఖానల పక్కనే కూసుంది అక్కా. ఆమె సూస్తుండంగ ఆమె జేయించింది ఎట్ల అమ్ముత? మా అమ్మ లేదు గద, ఏమనదు."

నవ్వుతూనే చెప్పింది. కానీ తర్వాత రెండు మూడు రోజులు పసుపుకొమ్మును జాకెట్టు లోపలికి తోసుకుంటూ పనిచేసింది.

మొన్నటి ఆషాఢంలో, ఆమె వేసిన చిట్టీ చేతికొచ్చింది. ఒక పొద్దున నా చెక్కపెట్టె తుడుస్తూ అడిగింది.

"అన్నా, మీ ఫోన్ల ఇవ్వే దొరుకుతయా, బంగారం బిళ్లలు గూడ దొరుకుతయా?"

"దొరుకుతాయి. ఎందుకు?"

"దుకాణంల కొంటె మజూరీ, తరుగు అని మస్తు గుంజుతరు. బిళ్ల కొంటె సక్కగ అవుసలాయన కాడ కరిగిచ్చి పుస్తె జేయిచ్చుకుంట. రెండు గ్రాములు సాలు. శ్రావణం మొదటి శుక్కురారం కట్టుకోవాలె." గుడ్డ చేతిలో మడుస్తూ అంది: "పైసలు నావే. కానీ మీరు నాకియ్యాలె. తల్లిగారి పుస్తె నాకు నేనే తెచ్చుకుంటె మంచిగుండదు. మా ఇంట్ల అన్నదమ్ములు లేరు. అన్న ఇచ్చినట్టుంటది."

మా ఆవిడ వంటింటి గుమ్మంలోంచి నా వైపు చూసింది. ఆ చూపుకి అర్థం "దుకాణంలో కొని ఇవ్వరాదా" అని. నాకు వేరే అర్థం తోచింది. ఒక మనిషి నా నైపుణ్యాన్ని నమ్మి నన్ను అడుగుతోంది. ఇరవై ఏళ్ల ఉద్యోగంలో నన్నెవరూ అంత ప్రేమగా పని అడగలేదు.

"ఫికర్ చెయ్యకు," అన్నాను. "నేను చూసుకుంటా." ఆమె చిట్టీ డబ్బు లెక్కపెట్టి నా చేతిలో పెట్టింది.

తెలుగులో వేలాన్ని పాట అంటారు, ధర చెప్పడాన్ని పాడటం అంటారు. నేను బాత్రూములో కూడా పాడను. ఫోన్లో మాత్రం గొంతెత్తి పాడతాను. వారం రోజులు వెతికి, ఒక రెండు గ్రాముల కాసు పట్టాను. ప్లాస్టిక్ కార్డులో పెట్టి సీలు వేసి ఉంది, వెనక ధ్రువపత్రం, పక్కన స్కాన్ చేసే చతురస్రం. అమ్మేవాడికి ఐదు నక్షత్రాలకి ఒక ముక్క తక్కువ. ధర ఆ రోజు బజారు రేటు కంటే తక్కువ. ఎంత తక్కువంటే, మిగిలే డబ్బుతో మా టీం మొత్తానికి బిర్యానీ పెట్టించవచ్చు.

బంగారాన్ని బంగారం రేటు కంటే తక్కువకి ఎవడైనా ఎందుకు అమ్ముతాడు? ఈ ప్రశ్న నాకు రాలేదని చెప్పను. వచ్చింది. దానికి జవాబు కూడా నేనే తయారుచేసుకున్నాను. వేలం ముగిసేది ఆదివారం మధ్యాహ్నం రెండున్నరకి. దేశమంతా భోంచేసి కునుకు తీసే వేళ. పోటీ ఉండదు, అందుకే చవక. నాకంటే తెలివైనవాళ్లందరూ నిద్రపోతున్నారన్నది నా వాదన. ఒకరకంగా అది నిజమే.

ఇంకొకడు మాత్రం మేలుకుని ఉన్నాడు. నేను పాడినప్పుడల్లా వాడు యాభై ఎక్కువ పాడుతున్నాడు. నేను వంద ఎక్కిస్తే వాడు మళ్లీ యాభై. చివరి నిమిషంలో మాత్రం మౌనం వహించాడు. నేను గెలిచాను. పక్కగదిలోంచి మా ఆవిడ "ఏమబ్బా, ఎవరి మీద కోపం, బల్ల అంత గట్టిగా గుద్దుతున్నావు?" అంది. వేలంవెర్రి అన్న మాట ఎందుకు పుట్టిందో ఆ పూట నా ముఖం చూస్తే తెలిసేది.

నాలుగు రోజులకి పార్సెల్ వచ్చింది. టెస్టర్ని కదా, పరీక్షలు మొదలుపెట్టాను. సీలు చెక్కుచెదరలేదు, పాస్. కార్డు మీద నంబరు, ధ్రువపత్రం మీద నంబరు ఒకటే, పాస్. చతురస్రం స్కాన్ చేశాను. ఒక వెబ్‌సైటు తెరుచుకుంది, అందులో అదే నంబరు, పక్కన పచ్చటి టిక్కు. మా వృత్తిలో పచ్చ టిక్కు చూస్తే ప్రాణం లేచొస్తుంది. ఆ వెబ్‌సైటు ఎవరిదన్నది నేను చూడలేదు. కార్డు మీద అచ్చేసినవాడే వెబ్‌సైటు కూడా పెట్టుకోగలడు అన్న ఆలోచన, రోజూ ఇలాంటివి పట్టుకునే నాకు, ఆ పూట ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. దగ్గరున్న కాగితాలన్నీ పరీక్షించాను. కాసును తప్ప.

దాన్ని పరీక్షించాలంటే సీలు చింపాలి. సీలు చింపితే వాపసు తీసుకోరని కార్డు మీదే ఉంది. చూడకుండా నమ్మాలి, చూస్తే నష్టపోవాలి. ఈ షరతు ఎవడు రాశాడో గానీ చేతులెత్తి మొక్కాలి.

మా ఆవిడ కార్డును వెలుతురులో పట్టుకుని చూసింది. "రెండు గ్రాములు ఇంత పెద్దగుంటుందా? మన పెద్దోడి పుట్టినరోజుకి మా అన్న ఇచ్చిన రెండు గ్రాములది ఇందులో సగం ఉండదూ?"

"పెద్దగుంటే మంచిదే కదా," అన్నాను.

ఆ మాట తలుచుకుంటే ఈరోజుకీ చెవులు వేడెక్కుతాయి. బంగారం బరువైన లోహం. రెండు గ్రాములంటే చిన్న చుక్కంత ఉంటుంది. అదే బరువుకి పెద్దగా కనిపించిందంటే లోపల ఉన్నది ఇంకేదో తేలికది. గుమాస్తా కొడుక్కి ఇది ఎనిమిదేళ్లకే తెలిసి ఉండాలి. నాకు యాభై దగ్గరపడ్డాక, పెద్దగా ఉందని సంబరం కలిగింది.

"దుకాణం దగ్గర గీయించి చూడు," అంది మా ఆవిడ. మళ్లీ తనే మార్చుకుంది. "వద్దులే. శుక్రవారం పసుపు కుంకుమ పెట్టి ఇచ్చేది. దేవుడి దగ్గర పెట్టేదాన్ని గీటురాయి మీద గీస్తే బాగుండదు."

అలా అది పూజగదిలో పెట్టాం. మొదటి శుక్రవారానికి ఎనిమిది రోజులుంది. వాపసు గడువు వారం. ఆ వారం మా ఇంట్లో దీపం ముందు, పువ్వుల కింద, ఎవరూ ముట్టుకోకుండా, చాలా పవిత్రంగా గడిచిపోయింది.

శ్రావణ శుక్రవారం పొద్దున ఆమె తలస్నానం చేసి, ఆకుపచ్చ చీర కట్టుకుని వచ్చింది. మా ఆవిడ పళ్లెంలో తమలపాకులు, వక్కలు, రవికెగుడ్డ పెట్టి, మీద కాసు పెట్టింది. నేను ఇచ్చాను. ఆమె రెండు చేతులతో తీసుకుని కళ్లకద్దుకుంది. తర్వాత చటుక్కున వంగి నా కాళ్లకి మొక్కింది. నేను కంగారుపడి "వద్దు వద్దు" అంటూ వెనక్కి జరిగాను. మనసులో మాత్రం వద్దని ఏమీ అనుకోలేదు. అంత మంచి అన్నని నేనెప్పుడూ కాలేదు.

మరునాడు మధ్యాహ్నం, ఆమె రాని వేళకి తలుపు కొట్టింది. శనివారం కాబట్టి ఇంట్లోనే ఉన్నాను. చెమటలు పట్టి ఉంది. పిడికిలి తెరిచింది. చింపిన ప్లాస్టిక్ కార్డు, రెండు ముక్కలుగా కోసిన కాసు. బయట పసుపుగా, కోసినచోట ఎర్రగా.

"అన్నా, ఇది బంగారం కాదంట."

"ఎవరన్నారు?"

"అవుసలాయన. చేతిల పట్టుకునంగనే గిదేంది గింత లావున్నది అన్నడు. రాయి మీద గీసిండు, యాసిడ్ ఏసిండు, గీత మొత్తం పోయింది. నేను నమ్మలేదని కోసి సూపెట్టిండు. ఇత్తడో రాగో, పైన పూత." కొంగుతో ముఖం తుడుచుకుంది. "నలుగురి ముంగట, మందిల అన్నడన్నా. గిట్లాంటియి తెచ్చి అంటగట్టేటోళ్లు మస్తుమందొస్తున్నరు, ఇంకోపారి నా దుకాణం మెట్లెక్కకు అన్నడు."

మా ఆఫీసులో ప్రోగ్రాములు రాసేవాళ్లకి ఒక అలవాటుంది. నేను తప్పు పట్టుకుని చూపిస్తే, వాళ్లు స్క్రీన్ వైపు కూడా తిరక్కుండా, "నా దగ్గర బాగానే పనిచేస్తోందే" అంటారు. ఇరవై ఏళ్లుగా ఆ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. అంటే తప్పు నీదే, నీ చేతిలోకి వచ్చాకే ఏదో అయింది అని అర్థం.

నేను ఆ రెండు ముక్కల్నీ అటూ ఇటూ తిప్పాను. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది:

"నేనిచ్చినప్పుడు బాగానే ఉంది కదా. మధ్యలో ఎవరికైనా ఇచ్చావా?"

ఆమె నా ముఖం వైపు చూసింది. తర్వాత మా ఆవిడ వైపు చూసింది. తర్వాత తలుపు వైపు.

"ఎవ్వరికి ఇయ్యలే సార్," అంది. ముక్కలు బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.

సార్. ఆఫీసులో రోజుకి నలభైసార్లు వినే మాట. అది తిట్టులా కూడా వినపడగలదని నాకు ఆ రోజే తెలిసింది.

మా ఆవిడ బల్ల మీది ముక్కలు తీసి చూసి, మళ్లీ పెట్టింది.

"ఆ పిల్ల ఐదేళ్లుగా మన ఇంటి తాళంచెవి జాకెట్లో పెట్టుకుని తిరుగుతోంది," అంది. "నీ పెట్టెలో పైసలు రోజూ తుడుస్తుంది. ఒక్కటి పోయిందా?"

"నేను దొంగతనం అనలేదు."

"ఏమన్నావు మరి?"

అన్నది అదే. అనడానికి అందమైన మాట వెతుక్కున్నానంతే. కాసుకి పూత వేసినవాడు చేసిన పని కూడా అదే.

"ఆ అవుసలాయనే మార్చేశాడేమో," అన్నాను. ఇంకా ఎవరినో ఒకరిని వెతుకుతూనే ఉన్నాను.

"ఒకరి తర్వాత ఒకరు," అంది మా ఆవిడ. "లైన్లో నువ్వెప్పుడొస్తావు?"

అప్పుడు ఫోన్ తీశాను. ముందే చేయాల్సిన పరీక్షలు అప్పుడు చేశాను. అమ్మినవాడి నక్షత్రాల మీద నొక్కితే, కొన్నవాళ్లు రాసిన మాటలు వచ్చాయి. "కవరు బాగుంది." "గ్లాసు ఫోనుకి సరిపోయింది." "కుక్కరు రబ్బరు త్వరగా వచ్చింది." ఆ నక్షత్రాలన్నీ కుక్కరు రబ్బర్లవి. బంగారం అమ్మడం మొదలుపెట్టి రెండు వారాలే. కాసు ఫోటో చూశాను. దాన్ని పట్టుకున్న బొటనవేలి గోరు మీద ఎర్రరంగు ఒక మూల ఊడిపోయి ఉంది. యాప్‌లో వెతికితే ఇంకో ఇద్దరు అమ్మేవాళ్ల దగ్గర అదే బొటనవేలు, అదే ఊడిన రంగు. ఒకే వేలితో ముగ్గురు వేలం నడుపుతున్నారు. నాకు పోటీగా యాభై యాభై పాడినవాడు ఈ ముగ్గురి దగ్గర తప్ప ఎక్కడా పాడలేదు, ఎక్కడా గెలవలేదు కూడా. ధ్రువపత్రం వెబ్‌సైటులో కార్డు మీది నంబరు బదులు నా ఫోన్ నంబరు కొట్టాను. దానికీ పచ్చ టిక్కు వచ్చింది.

ఇదంతా కనిపెట్టడానికి నలభై నిమిషాలు పట్టింది. కొనకముందు ఆ నలభై నిమిషాలు నా దగ్గర లేవా అంటే, వారం రోజులు ఉన్నాయి.

యాప్‌వాళ్లకి ఫిర్యాదు పెట్టాను. సీలు తెరిచారు, గడువు దాటింది అని మర్యాదగా రాశారు. సైబర్ ఫిర్యాదు కూడా పెట్టాను. దానికొక పొడుగాటి నంబరు వచ్చింది, అంతవరకే. సోమవారానికి అమ్మినవాడి పేజీ లేదు. కాసుకి ఉన్నది గిల్టు, నాకు మిగిలింది గిల్టీ అని ఆఫీసులో ఒకడితో జోకు వేశాను. అతను నవ్వాడు. నేను కూడా నవ్వడానికి ప్రయత్నించాను.

అంతకుముందే, ముక్కలు బల్ల మీద పెట్టి వెళ్లిన మరునాడు, ఆదివారం ఆమె మామూలుగానే వచ్చింది. పప్పు, కూర, చారు. మాటలు మా ఆవిడతోనే. మెడలో పసుపుకొమ్ము అలాగే ఉంది. నేను వంటింటి గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"తప్పు నాదే," అన్నాను. "అది నాకు వచ్చినప్పుడే నకిలీ. నేను చూసుకోలేదు. నిన్ను అలా అడగకూడదు."

"సరే సార్." ఉల్లిపాయ తరుగుతూనే ఉంది.

"పద, ఆ అవుసలాయన దగ్గరికి వెళ్దాం. నేను చెప్తాను."

కత్తిపీట ఆగింది. "మందిల చెప్తరా?"

"చెప్తాను."

దుకాణం పాత పుప్పాలగూడలో. ఒకవైపు సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు, ఇంకోవైపు మండీ బిర్యానీ హోటలు, మధ్యలో ఇరుకుగా. పెద్దాయన కంటికి భూతద్దం బిగించుకుని కూర్చున్నాడు. ముందు ముగ్గురు ఆడవాళ్లు, ఒక ఆటో అతను. ఆమెను చూడగానే పెద్దాయన చెయ్యి ఊపాడు. "మల్లొచ్చినవా? చెప్పిన గద."

"ఆమె తప్పు లేదండీ," అన్నాను. అనుకున్న దానికంటే గట్టిగా వచ్చింది. "కాసు నేను కొన్నాను. ఆన్‌లైన్ వేలంలో. నేనే ఇచ్చాను. నేనిచ్చినప్పుడే నకిలీది."

పెద్దాయన భూతద్దం తీసి నన్ను పైనుంచి కిందికి చూశాడు. చేతికి ఆఫీసు గడియారం, కాళ్లకి పరుగు బూట్లు. "ఏం జేస్తరు సారు మీరు?"

"సాఫ్ట్‌వేరులో తప్పులు వెతుకుతాను."

ఆటో అతను దగ్గాడు. అది దగ్గు కాదు.

"ఏ ఊరు?"

ఆ ప్రశ్న రాకూడదని దారంతా కోరుకున్నాను. "ప్రొద్దుటూరు," అన్నాను.

పెద్దాయన నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది. సొరుగులోంచి ఒక అసలు కాసు తీసి నా అరచేతిలో పెట్టాడు, పక్కన అదే బరువు ఇత్తడి ముక్క. "సూడున్రి సారు. బరువు ఒక్కటే. కంటికే తెలుస్తది. తక్కెడ గూడ అక్కరలేదు." బంగారం చిన్నగా, పలచగా, చేతిలో ఉన్నట్టే లేదు. ఇత్తడి పెద్దగా, లావుగా, గొప్పగా ఉంది. తర్వాత ఆయన ఆమె వైపు తిరిగాడు. "ఏమనుకోకమ్మా. రోజు నలుగురొస్తరు గిట్ల. జర నోరు జారిన." అన్నాడు. నేను అన్నదాంట్లో సగం కూడా ఆయన అనలేదు. అయినా క్షమాపణ మొదటిసారి విన్నట్టు ఆమె తలూపింది.

బయటికొచ్చాక, "రేపే దుకాణానికెళ్లి అసలుది కొనిస్తా," అన్నాను.

"వద్దు సార్. నా పైసలు నాకియ్యున్రి. నేను కొనుక్కుంట."

డబ్బు ఆ సాయంత్రమే ఇచ్చాను. ఆమె మా ఆవిడను తోడు రమ్మంది. ఇద్దరూ లింగంపల్లిలో హాల్‌మార్క్ ఉన్న దుకాణానికి వెళ్లారు. బిల్లు మీద, బంగారం మీద గుర్తు పోల్చి చూసుకున్నారట. మా ఆవిడ ఆ పొట్లం తన చేతుల్లోకి తీసుకుని, నేను ఇస్తాలే, పుట్టింటిదిలా ఉంటుంది అందట. "వద్దక్కా. మా అమ్మను తలుసుకుని నేనే కట్టుకుంట," అందట ఆమె. రెండో శుక్రవారం తాడు కొత్తగా పసుపు పచ్చగా ఉంది. చపాతీ వత్తుతుంటే లోపల రెండు పుస్తెలు ఒకదానికొకటి తగిలిన చిన్న చప్పుడు వినిపించింది. ఆమె నాకు చూపించలేదు. నేను అడగలేదు.

అక్కడితో ముగుస్తుందనుకున్నాను. తర్వాతి వారం ఆమె టీ కప్పు బల్ల మీద పెట్టి, వెళ్లకుండా నిలబడింది.

"సార్, మా మందిల ఒకామె ఫోన్ల బంగారం బిళ్ల కొంటాంటున్నది. బీ బ్లాకుల ఊడుస్తది. నేనెంత చెప్పినా ఇంటలేదు. మీరొచ్చి చెప్పున్రి, ఎట్ల మోసపోయిన్రో. మూడింటికి కింద తింటం అందరం."

మూడింటికి బేస్‌మెంట్‌కి వెళ్లాను. నీళ్ల మోటార్ల గది పక్కన, నీలం కోట్లు విప్పి పక్కన పెట్టుకుని, ఆరుగురు ఆడవాళ్లు డబ్బాలు తెరుచుకుని కూర్చున్నారు. ఒకామె చేతిలో ఫోను, తెర మీద కాసు, గడియారం వెనక్కి తిరుగుతోంది. మా వంటామె గోడకి ఆనుకుని కూర్చుంది. నేను ఆఫీసులో రెండొందల మంది ముందు మాట్లాడినవాణ్ణి. ఈ ఆరుగురి ముందు ఎక్కడ నిలబడాలో తెలియలేదు.

చెప్పాను. బజారు రేటు కంటే తక్కువకి బంగారం ఎవడూ అమ్మడని. నక్షత్రాలు దేనికి వచ్చాయో చదవమని. ఒకే ఫోటో ఇంకెక్కడైనా ఉందేమో చూడమని. పక్కన పాడేవాడు అమ్మేవాడి మనిషే కావచ్చని. కాగితం మీద రాసిన వెబ్‌సైటును నమ్మొద్దని. సీలు తీస్తే వాపసు లేదు అన్నవాడి దగ్గర అసలు కొనొద్దని. వస్తే ఆ రోజే గీయించమని, దేవుడి దగ్గర ఆ తర్వాతే పెట్టమని. పెద్దగా కనిపిస్తే సంతోషపడొద్దని. కుక్కరు రబ్బరు దగ్గర నవ్వారు. ప్రొద్దుటూరు దగ్గర ఇంకా నవ్వారు. నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అలవాటు ప్రకారం చివర్లో "ఏమైనా ప్రశ్నలున్నాయా" అన్నాను.

"అయిపోయిందా సార్?" అంది మా వంటామె.

ఆమె గొంతులో కోపం లేదు. పచ్చడి వేలితో తీసి అన్నంలో కలుపుతోంది. మిగతావాళ్లు నా వైపు చూస్తున్నారు. అయిపోయిందని చెప్పి వెళ్లిపోవచ్చు. చెప్పినవన్నీ నిజాలే.

"ఇంకొకటుంది," అన్నాను. "అది నకిలీదని తెలిసినప్పుడు, నేను అమ్మినవాణ్ణి అనుమానించలేదు. నన్ను నేను అనుమానించుకోలేదు. ముందు ఈమెను అడిగాను, మధ్యలో ఎవరికైనా ఇచ్చావా అని."

ఎవరూ నవ్వలేదు. అందరిలో పెద్దామె, తెల్లజుట్టు ముడి వేసుకున్నామె, నోట్లో ముద్ద మింగి నీళ్లు తాగింది.

"గది మొదలు చెప్పాలె గద సారూ," అంది. "గా నక్షత్రాలు, గా ఫోటోలు మాకేం యాదుంటయ్. ఏదన్న తేడా అయితే మీరు మమ్ములనే అడుగుతరు. గిది యాదుంటది."

ఫోను పట్టుకున్నామె తెర వైపు ఒకసారి చూసి, ఆర్పి, కోటు జేబులో పెట్టుకుంది. "నేను దుకాణంలనే కొంట. ఎవ్వరి చేతుల పెట్టను," అంది. నాతో కాదు, పక్కామెతో.

వాళ్లు మళ్లీ తినడం మొదలుపెట్టారు. కూర ఒక డబ్బాలోంచి ఇంకో డబ్బాకి మారింది. ఎవరో పిల్లల ఫీజుల మాట ఎత్తారు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు, పొమ్మని కూడా అనలేదు. మా వంటామె డబ్బా మూత పెట్టి, చేతులు కడుక్కుని లేచింది.

"పోత. నాలుగింటికి అక్క చపాతీలన్నది," అని వాళ్లతో చెప్పి, సర్వీసు లిఫ్టు వైపు నడిచింది.

నేను ఇంకాసేపు నిలబడి, మెట్ల దారిన ఎక్కాను. ఇంట్లోకి వచ్చేసరికి ఆమె పిండి తడుపుతోంది.